ఆటోనగర్ రసీదు ఒక్కటే చాలదు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇళ్ల మధ్య వెలసిన వాహన మరమ్మతు షెడ్లను ఊరి చివరికి తరలించడం గురించి గత నెల ఈ శీర్షికలో రాసినప్పుడు, ఆ షెడ్లతో ఇబ్బంది పడుతున్నవారే ఎక్కువగా స్పందిస్తారని అనుకున్నాం. ఉత్తరాలు మాత్రం ఎక్కువగా ఆటోనగర్ల లోపలి నుంచే వచ్చాయి. ఒకే రకమైన వాటిని కలిపి, పేర్లు, షెడ్డు నంబర్లు తీసివేసి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి కాలం నుంచి కమాను కట్టల (లారీ స్ప్రింగుల) షెడ్డు ఉందండి. ఏటా ఆస్తి పన్ను ఐలాకు (పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థకు) కట్టి రసీదు తీసుకుంటున్నాను. ఈ మధ్య ట్రేడ్ లైసెన్సు లేదంటూ నోటీసు ఇచ్చారు. పారిశ్రామిక ప్రాంతంలో ఉన్నవారికి కూడా అది కావాలా? ఒకే షెడ్డుకు రెండుసార్లు కట్టాలా?

సమాధానం: రెండుసార్లు కట్టమంటున్నారన్న మీ బాధ అర్థమవుతోంది కానీ, అడుగుతున్నది ఒకే డబ్బు కాదు. ఆస్తి పన్ను ఆ షెడ్డు భవనానికి సంబంధించినది. అందులో కమాన్లు బిగించినా, ఖాళీగా తాళం వేసి ఉంచినా అది కట్టవలసిందే. ట్రేడ్ లైసెన్సు రుసుము ఆ కట్టడంలో మీరు చేసే పనికి సంబంధించినది. నిప్పు, పొగ, చప్పుడు, నూనె వంటి వాటితో చుట్టుపక్కలవారికి ప్రమాదమో ఇబ్బందో కలిగించగల వృత్తులను అనుమతి లేకుండా నడపరాదని 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 521వ సెక్షన్ చెబుతుంది. విశాఖకు 1979 చట్టం ద్వారా, విజయవాడకు 1981 చట్టం ద్వారా ఆ చట్టంలోని నిబంధనలే వర్తించాయి. కాబట్టి పన్ను రసీదు చూపించి లైసెన్సు అక్కరలేదని వాదిస్తే ఆ వాదన నిలబడదు.

అయితే మీ ప్రశ్నలో అసలు చిక్కు మరొకటి ఉంది. లైసెన్సు కావాలి సరే, ఎవరి దగ్గర తీసుకోవాలి? పారిశ్రామిక వాడల్లో రోడ్లు, కాలువలు, వీధి దీపాలు చూసేది ఒకరు, పన్ను తీసుకునేది మరొకరు కావడంతో పనులు జరగడం లేదని ఉమ్మడి రాష్ట్రంలో మునిసిపల్, పంచాయతీ చట్టాలను సవరించి, 1973లో ఏర్పడిన ఏపీఐఐసీ (ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) చేతికి స్థానిక సంస్థల అధికారాలు కొన్ని అప్పగించారు. ఆ వాడలో వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం సంబంధిత పురపాలక సంస్థకో పంచాయతీకో వెళుతుంది, మిగిలినది వాడ నిర్వహణకే ఉంటుంది. తెలంగాణలో ఇదే ఏర్పాటు అక్కడి పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కింద నడుస్తోంది. ఇక్కడ గమనించవలసినది ‘కొన్ని’ అన్న మాట. ఫలానా ప్రాంతాన్ని ఐలాగా ప్రకటించే ప్రభుత్వ ఉత్తర్వులో ఏయే అధికారాలు బదలాయించారో రాసి ఉంటుంది. అందులో ఉన్నవి ఐలావి, లేనివి కార్పొరేషన్‌వి. నోటీసు ఇచ్చినవారిని ఈ ఉత్తర్వు గురించి అడగడం మీ హక్కు.

కనుక ముందు నోటీసును చివరి వరకు చదవండి. సంతకం ఎవరిది, ఏ సెక్షన్ కింద ఇచ్చారు, ఎన్ని రోజుల గడువు ఉంది అన్నవి చూడండి. గడువు లోపలే రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అధికారాల బదలాయింపు ఉత్తర్వు నకలు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కార్పొరేషన్‌కే ఆ అధికారం ఉందని తేలితే కట్టేయండి. రుసుమును చాలాచోట్ల షెడ్డు విస్తీర్ణాన్నీ ముందున్న రోడ్డు వెడల్పునూ బట్టి లెక్కిస్తారు కాబట్టి, విస్తీర్ణం సరిగ్గా వేశారో లేదో టేపు పెట్టి చూసుకోండి. ముందున్న ఖాళీ స్థలాన్ని కూడా షెడ్డులో కలిపి లెక్క వేసిన సందర్భాలు మా దృష్టికి వచ్చాయి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపడం, మేస్త్రి చేత సంతకం పెట్టించి మరిచిపోవడం మాత్రం చేయకండి. గడువు దాటాక చెప్పే న్యాయమైన మాటకు కూడా విలువ తగ్గుతుంది.

మరో రెండు మూడు కాగితాల గురించి కూడా చెప్పాలి. పనివారు ఉన్న షెడ్డుకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు ఉండాలి. వృత్తి పన్ను వేరు. రాజ్యాంగం ప్రకారం అది ఒక వ్యక్తికి ఏడాదికి 2,500 రూపాయలకు మించకూడదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి మరో దారి, దాని సంగతి తర్వాతి ప్రశ్నలో చూద్దాం.

ప్రశ్న: మాది కార్ల సర్వీసింగ్ షెడ్డు. కాలిన ఆయిల్‌ను పీపాలో పట్టి ఉంచితే నెలకోసారి ట్రాలీ ఆటోలో ఒకతను వచ్చి నగదు ఇచ్చి పట్టుకెళతాడు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. మొన్న తనిఖీకి వచ్చినవారు ఆయిల్ ఎవరికి అమ్ముతున్నారో లెక్క చూపించమన్నారు. పారేయకుండా అమ్ముతున్నాం కదా, ఇందులో తప్పేమిటి?

సమాధానం: పారేయకపోవడం మంచిదే. ఆ ట్రాలీ ఎక్కడికి వెళుతోందో మీకు తెలియకపోవడమే ఇబ్బంది.

ఇంజను నుంచి దించిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల కింద ప్రమాదకర వ్యర్థం. ఇంజనులో తిరిగినంత కాలం అరిగిన లోహపు రజను, సీసం, జింకు వంటివి, సగం కాలిన ఇంధనపు మసి అందులో కలుస్తాయి. దానిని అనుమతి ఉన్న పునఃశుద్ధి కేంద్రానికి గాని, వారి తరఫున సేకరించే అధికారం ఉన్నవారికి గాని మాత్రమే ఇవ్వాలి. ట్రాలీ మనిషి మీకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వగలుగుతున్నాడంటే, ఆ ఆయిల్ శుద్ధి కేంద్రానికి పోవడం లేదనే అనుకోవాలి. ఎక్కడికి పోతుందో ఆటోనగర్‌లో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు: శ్లాబు పోసేముందు సెంట్రింగ్ రేకులకు పూయడానికి, చెదలు పట్టకుండా తలుపు చెక్కలకు రాయడానికి, బట్టీల్లో మండించడానికి, అన్నిటికంటే దారుణంగా వడగట్టి రంగు కలిపి కొత్త డబ్బాల్లో నింపడానికి. ఆ చివరి డబ్బా తిరిగి మీ షెడ్డుకే, మీ ఖాతాదారు బండిలోకే వచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇక మీరు చేయవలసినవి. పీపాను మట్టి నేల మీద పెట్టకండి. సిమెంటు గచ్చు మీద, చుట్టూ జానెడు గట్టు కట్టి, పైన రేకు ఉన్నచోట ఉంచండి. తొలకరి వాన పడిన రోజు ఆటోనగర్ కాలువల మీద నీలం, గులాబీ రంగుల్లో తేలే పొరను మీరు చూసే ఉంటారు. ఎవరూ కావాలని ఆయిల్ పారబోయకపోయినా ఆ పొర కనబడుతుంది. మూత లేని పీపాలో వాన నీరు చేరితే కింద నీరు, పైన ఆయిల్ నిలిచి, పీపా నిండగానే ముందుగా పొర్లిపోయేది ఆయిలే. పీపా మీద ప్రమాదకర వ్యర్థమన్న చీటీ ఉండాలి. సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఏడాదికి పది టన్నుల లోపు వ్యర్థం వచ్చే చిన్న షెడ్లకు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ గడువును పొడిగించవచ్చు. ఏ తేదీన ఎన్ని లీటర్లు చేరింది, ఎవరికి ఇచ్చారు అన్నది ఒక పుస్తకంలో రాసి, తీసుకెళ్లినవారి అనుమతి పత్రం నకలు, రసీదు అందులోనే పెట్టండి. తనిఖీకి వచ్చినవారు అడిగేది ఆ పుస్తకమే. ఆయిల్ ఫిల్టర్లు, ఆయిల్ తుడిచిన పాత గుడ్డలు కూడా చెత్త బండికి వేసేవి కావు. పాత బ్యాటరీలకు 2022లో వేరే నియమాలు వచ్చాయి. వాటిని డీలరుకు గాని అధికృత సేకరణ కేంద్రానికి గాని ఇవ్వాలి, ఆసిడ్‌ను కాలువలో వంచి ఖాళీ డబ్బా అమ్మడం నేరం.

మండలి అనుమతి గురించి కూడా చెప్పుకోవాలి. వాహనాల సర్వీసింగ్, మరమ్మతు, పెయింటింగ్‌లను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో, కాలుష్య తీవ్రతను బట్టి చేసే వర్గాల్లో ఆరెంజ్ వర్గంలో చేర్చింది. అంటే 1974 నాటి జల చట్టం, 1981 నాటి వాయు చట్టం కింద షెడ్డు పెట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి అనుమతులు కావాలి. వర్గాలను అప్పుడప్పుడూ సవరిస్తుంటారు కాబట్టి, దరఖాస్తు పెట్టేరోజున రాష్ట్ర మండలి ప్రాంతీయ కార్యాలయంలో తాజా జాబితా చూసుకోండి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జైలు శిక్షకు బదులు జరిమానా వచ్చిందని కొందరు తేలికగా తీసుకుంటున్నారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆ జరిమానా 10 వేల రూపాయలకు తగ్గకుండా 15 లక్షల వరకు ఉంటుంది. చిన్న షెడ్డుకు ఇందులో కనిష్ఠ మొత్తమైనా చిన్నదేమీ కాదు.

ప్రశ్న: మా కాలనీ ఆటోనగర్ గోడకు ఆనుకుని ఉంటుంది. గోడ అవతల షెడ్డులో రాత్రి పదకొండు దాటాక కూడా డెంటింగ్ (సొట్టలు తీసే పని) చేస్తారు. పగలు పెయింట్ కొడితే ఆరేసిన బట్టల మీద కూడా ఆ రజను పడుతోంది. అడిగితే ‘ఇది ఇండస్ట్రియల్ ఏరియా, మీరే తర్వాత వచ్చారు’ అంటున్నారు.

సమాధానం: వారు చెప్పిన రెండో మాట నిజమే కావచ్చు. చాలా ఊళ్లలో ఆటోనగర్ పెట్టినప్పుడు చుట్టూ పొలాలే ఉండేవి; స్థలం చవకగా వస్తోందని ఆ తర్వాత మనమే లేఅవుట్లు కొనుక్కుని వెళ్లాం. ఈ మాట రాస్తే కాలనీవాసులకు కోపం వస్తుందని తెలుసు. అయినా ముందు వచ్చినంత మాత్రాన రాత్రంతా సుత్తి కొట్టే హక్కు ఎవరికీ రాదు.

శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. వాటి ప్రకారం పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 డెసిబెల్స్. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. షెడ్డు పారిశ్రామిక ప్రాంతంలో ఉన్నా, మీ ఇల్లు నివాస ప్రాంతంగా ప్రకటితమైతే, మీ గుమ్మం దగ్గర వర్తించేది నివాస ప్రాంతపు పరిమితే. ఆ పరిమితిని 10 డెసిబెల్స్ గాని అంతకు మించి గాని దాటినప్పుడు, లేదా రాత్రి వేళకు ఉన్న ఆంక్షలను ఉల్లంఘించినప్పుడు, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, పోలీసు కమిషనరుకు గాని, డీఎస్పీకి తగ్గని పోలీసు అధికారికి గాని ఇస్తారు. సెల్‌ఫోనులో చూపే డెసిబెల్ అంకె రుజువుగా చెల్లకపోవచ్చు కానీ, తేదీ, సమయం రాసిపెట్టుకున్న పట్టిక చాలా పనికివస్తుంది.

పెయింటు సంగతి దీనికంటే సులభం. మూసిన గదిలో, గాలిని పీల్చి వడగట్టే ఫ్యాను పెట్టుకుని స్ప్రే చేయాలి. ఆరుబయట చేయడానికి మండలి అనుమతి షరతులు ఒప్పుకోవు. షెడ్డుకు ఆ అనుమతి ఉందా, ఉంటే అందులో షరతులు ఏమిటి అని మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని అడగండి. ఐలాకు గాని కార్పొరేషన్‌కు గాని ఒక నకలు పంపండి. ఇవేవీ పనిచేయకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద, ప్రజలకు కలిగే ఇబ్బందిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును కోరవచ్చు. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనమే దిక్కు. కారణం ఏర్పడిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. అంత దూరం వెళ్లేముందు ఆ షెడ్డు యజమానిని, ఆటోనగర్ సంఘం పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడండి. డెంటింగ్ పనిని రాత్రి తొమ్మిదికల్లా ఆపడం యజమానికి పెద్ద కష్టం కాదు. మరుసటి ఉదయం డెలివరీ ఇస్తానని మాట ఇచ్చిన రోజున మాత్రం కష్టమే.

ప్రశ్న: మా షెడ్డులో చోటు చాలక బండ్లు ముందున్న రోడ్డు మీద పెట్టుకుంటాం. అందరూ అలాగే పెడతారు. విడిభాగాలు రాక ఒక లారీ నాలుగు నెలలుగా అక్కడే ఉంది. దానిని తీసుకెళతామని బెదిరిస్తున్నారు.

సమాధానం: దానిని బెదిరింపు అనడానికి లేదు, ఆ అధికారం వారికి ఉంది. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన బండిని లాగించి తీసుకెళ్లవచ్చు. సగం విప్పిన బండి రాకపోకలకు ప్రమాదంగా ఉంటే పది గంటలు ఆగవలసిన పని కూడా లేదు. లాగించిన ఖర్చు బండి యజమానిదే. అంటే మిమ్మల్ని నమ్మి బండి అప్పగించినవారికి, మీరు రోడ్డు మీద పెట్టినందుకు బిల్లు వస్తుంది. వారు దానిని మీ దగ్గరే వసూలు చేసుకుంటారు. ఆ లారీని వెంటనే లోపలికి తెప్పించండి, లేదా యజమానికి రాతపూర్వకంగా తెలిపి అద్దె స్థలానికి మార్పించండి.

ప్రశ్న: ప్రమాదంలో పాడైన కార్లు, పాత కార్లు కొని విప్పి ఇంజన్లు, గేరుబాక్సులు అమ్మడం మా కుటుంబ వ్యాపారం. ఇప్పుడు ఇది చేయకూడదంటున్నారు.

సమాధానం: షెడ్డులో మరమ్మతు చేస్తూ మార్చిన పాత విడిభాగాన్ని అమ్ముకోవడం ఒకటి, బండిని మొత్తంగా కొని విప్పేయడం మరొకటి. రెండో పనికి 2021లో కేంద్రం నమోదిత వాహన తుక్కు కేంద్రాల నియమాలు తెచ్చింది. కాలం చెల్లిన వాహనాలకు ప్రత్యేకించిన పర్యావరణ నియమాలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వీటి ప్రకారం కాలం చెల్లిన బండిని నమోదైన కేంద్రానికే ఇవ్వాలి. ఆ కేంద్రం బండి దొంగిలించినది కాదని పోలీసు రికార్డుల్లో సరిచూసి, బండిని అప్పగించినట్టు డిపాజిట్ ధ్రువపత్రం ఇచ్చాకే విప్పాలి. మీలాంటి కుటుంబాలు ఇంత పెట్టుబడి పెట్టలేవని మాకు తెలుసు. అయితే ఒక ఆటోనగర్‌లోని పదిమంది కలిసి ఒకే స్థలంలో ఒక కేంద్రం నమోదు చేయించుకోవడానికి అడ్డంకి లేదు. ఎవరికివారు పాత దారిలో నడవడం కంటే అది మేలని మా అభిప్రాయం.

అప్పటివరకు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, అమ్మినవారి గుర్తింపు పత్రం నకలు లేకుండా ఏ భాగమూ కొనవద్దు. దొంగ సొత్తు అని తెలిసి గాని, అనుమానించడానికి కారణం ఉండి గాని కొన్నవారిపై భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద కేసు పెడతారు. బండి నాశనమైపోతే రిజిస్ట్రేషన్ రద్దు కోసం యజమాని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. అది చేయకపోతే ఆ నంబరు ప్లేటు మరో బండి మీద ప్రత్యక్షమై, చలానాలు అసలు యజమాని ఇంటికి వస్తుంటాయి.

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మా తమ్ముడు చిన్న షెడ్డు నడుపుతున్నాడు. వాడి కొడుక్కి 13 ఏళ్లు. బడి మాన్పించి తన దగ్గరే పెట్టుకున్నాడు. ‘నా పిల్లాడు, నా షెడ్డు, ఎవరు అడుగుతారు?’ అంటాడు. మేనత్తను, నేను ఏం చేయగలను?

సమాధానం: మీ తమ్ముడు ఒక చోట పొరబడుతున్నారమ్మా. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు 14 ఏళ్ల లోపు పిల్లలను ఎక్కడా పనిలో పెట్టకూడదన్నారు. కుటుంబ వృత్తిలో సాయం చేయడానికి ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. అది బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదం లేని పనికి మాత్రమే. బడి మాన్పించడంతోనే ఆ మినహాయింపు పోయింది. పైగా వాహనాల మరమ్మతు, వెల్డింగ్, లేతు పని, డెంటింగ్, పెయింటింగ్ పిల్లలకు ప్రమాదకరమైన పనుల పట్టికలో ఏనాటి నుంచో ఉన్నాయి. పిల్లలను పనిలో పెట్టిన యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు గాని, 20 వేల నుంచి 50 వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. కానీ మేనత్తగా మీరు ముందు చేయగలిగినది మరొకటి ఉంది. పిల్లాడికి పని మీద మనసు ఉందా, లేక చదువు మీద విరక్తి కలిగిందా అన్నది మీ తమ్ముడి కంటే మీరే బాగా కనుక్కోగలరు. పని మీదే ఇష్టమైతే, పదో తరగతి అయ్యాక ఐటీఐలో మోటారు వాహనాల మెకానిక్ ట్రేడు రెండేళ్ల కోర్సు ఉంది. ఇప్పుడు వచ్చే బండ్లలో సెన్సార్లు, కంప్యూటరు పెట్టెలు ఎక్కువయ్యాయి. స్కానర్ తగిలించి అందులో చూపే కోడ్ చదవగలవాడికే ఆటోనగర్‌లో గిరాకీ అని మీ తమ్ముడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ విద్యా సంవత్సరంలోనే తిరిగి చేర్చుకోమని పిల్లాడు చదివిన బడి ప్రధానోపాధ్యాయుడిని కలవండి. ప్రవేశానికి బదిలీ పత్రం లేదన్న కారణం చూపి నిరాకరించడానికి విద్యా హక్కు చట్టం ఒప్పుకోదు.